మేడ మీద గీత, మేడ కింద వదిన

వదినది గాజుగొట్టంలో అణువుల్ని పుట్టించే పని. మరదలిది వాటినే ఆకాశంలో వెతికే పని. ఇద్దరిదీ ఒకే పరిశోధన సంస్థ, ఒకే భవనం. వదిన అట్టడుగున నేలమాళిగలో, మరదలు అన్నిటికన్నా పైన, డాబా మీద గొడుగులా తెరుచుకున్న రేడియో టెలిస్కోపు పక్కన ఉన్న చిన్న గదిలో. మధ్య అంతస్తుల్లో ఎవరెవరో ఏవేవో చేస్తుంటారు. వాళ్ళతో మనకి పనిలేదు.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. ఆ లెక్కన వదినకి ఇంట్లో ఒకటిన్నర మొగుళ్ళు. అసలు మొగుడు పళ్ళ డాక్టరు, నోరు మెదపని మనిషి. రోజంతా ఇతరుల నోళ్ళు తెరిపించి అలసిపోతాడు కాబట్టి ఇంటికొచ్చాక తన నోరు తెరవడు. ఆ లోటు చెల్లెలు తీరుస్తుంది. ఆమెని ఇంట్లో అందరూ జువ్వ అంటారు. నిప్పు తగలడమే ఆలస్యం, తారాజువ్వలా లేచిపోతుందని చిన్నప్పుడు వాళ్ళమ్మే పెట్టిన పేరు. వయసు పెరిగింది, డిగ్రీల మీద డిగ్రీలొచ్చాయి, పేరు మాత్రం ఊడలేదు, గుణమూ మారలేదు. వదినకి ఆ పిల్లంటే ప్రాణం. ఆ మాట పైకి చెబితే నెత్తికెక్కుతుందని చెప్పదు, అంతే.

ఇద్దరినీ కలిపి కట్టేసింది ఒక అణువు. భాస్వరం పరమాణువు ఒకటి, నత్రజని పరమాణువు ఒకటి, ఇంకెవరూ లేరు. పుస్తకాల్లో దాని పేరు ఫాస్ఫరస్ నైట్రైడ్. ఇంట్లో దాన్ని ‘జంట’ అంటారు. అత్తామామలు లేని కాపురం కదా, అందుకే అంత చురుగ్గా తిరుగుతుందని వదిన అత్తగారి ముందే అనేది. ఆ తిరుగుడులోనే ఉంది సంగతంతా. జంట గిరగిర తిరుగుతూ ఒక మెట్టు నెమ్మదించినప్పుడల్లా ఒక రేడియో తరంగాన్ని వదులుతుంది. ఆ తరంగం అంకె ఏ అణువుది దానికే సొంతం, ఇంకోదానికి ఉండదు. ఆ అంకె దగ్గర టెలిస్కోపు తెర మీద గీత లేస్తే జంట అక్కడ ఉన్నట్టే.

జంట ఇదివరకే కొన్ని మబ్బుల్లో దొరికింది. నక్షత్రాల మధ్య ఉండే మబ్బుల మాట చెబుతున్నాను, వాన మబ్బులు కావు. జువ్వ చూపు మాత్రం ఇంకా ఎవరికీ జంట దొరకని ఒక చిన్న మబ్బు మీద ఉంది. అందులో మన సూర్యుడి సైజు నక్షత్రం ఒకటి ఇప్పుడిప్పుడే కళ్ళు తెరుస్తోంది. “మా అన్నయ్య పీకే ప్రతి పన్నులోనూ భాస్వరం ఉంది వదినా. భూమి పుట్టకముందు అదంతా ఎక్కడుంది? ఎవరి ఇంట్లో తలదాచుకుంది?” అని అడిగేది. అడిగి ఊరుకునే రకం కాదు. రెండేళ్ళుగా ఆ మబ్బు వైపే గొడుగు తిప్పి కూర్చుంది. తెర మీద గడ్డి తప్ప ఏమీ మొలవలేదు. ఖాళీ ఆకాశం నుంచి వచ్చే గరగరని వాళ్ళు గడ్డి అంటారు, చూడ్డానికి అలాగే ఉంటుంది.

కొండ మీద ఉన్న పెద్ద టెలిస్కోపు దొరికితే తేలిపోతుంది. కానీ దానికి ఈ సంస్థ నుంచి ఒక్కరి దరఖాస్తే వెళ్తుంది, ఎవరిదో శుక్రవారం కమిటీ తేలుస్తుంది. గడ్డి చూపించి ఎవరు గెలుస్తారు? జువ్వకి ఇది చివరి అవకాశమని ఇంట్లో అందరికీ తెలుసు. ఈసారి రాకపోతే ఆ మబ్బుని వదిలేసి వేరే పని చూసుకోమని పెద్దాయన, అంటే డైరెక్టరు, ముందే చెప్పేశాడు.

అలాంటిది, కమిటీ ఇంకా వారం ఉందనగా, జువ్వ ఇంట్లోకి గాల్లో తేలుతూ వచ్చింది. చెప్పులు ఒకటి గుమ్మం బయట, ఒకటి లోపల.

“మొలిచింది!” అంది.

అత్తగారు కంచాలు పెడుతున్నారు. “ఏం మొలిచిందే? జ్ఞానదంతమా?”

“గీతమ్మా, గీత! నిన్న మొలిచింది. కలేమో అనుకున్నా. ఇవాళ కూడా అక్కడే ఉంది!” అంటూ సంచీలోంచి కాగితం తీసి కంచాల మధ్య పరిచింది. గడ్డి మధ్య నుంచి నిటారుగా ఒక గీత. పళ్ళ డాక్టరు కూడా నోరు తెరిచి “అబ్బో” అన్నాడంటే చూసుకోండి. అత్తగారికి ఏమీ అర్థం కాలేదు గానీ కూతురి మొహం అర్థమైంది. కళ్ళు తుడుచుకున్నారు.

వదిన కాగితం మీదికి వంగింది. ముందు కడుపు నిండినట్టయింది. తర్వాత చూపు గీత మీద నిలిచింది.

“ఇంత సన్నగా ఉందేంటే?”

“సన్నగా ఉంటే నీకేం? నీలా అందరూ లావవ్వాలా?”

“అది కాదే. జంట గీతకి పక్కన చిన్న భుజం ఉండాలి. నత్రజని ఊరుకోదుగా, కొంచెం చీలుస్తుంది. మబ్బులో గాలి అటూ ఇటూ ఊగుతుంది, ఇంకాస్త వెడల్పు చేస్తుంది. ఇదేమో సూదిలా ఉంది.”

“భుజం గడ్డిలో మునిగిపోయుంటుంది. కొంచెం పక్కకి కూడా ఉంది, ఉండాల్సిన చోటికి. అంటే ఏంటో తెలుసా? ఆ చంటి నక్షత్రం గాలి ఊదుతోంది, జంట ఆ గాలిలో కొట్టుకొస్తోంది!” జువ్వ కళ్ళు మెరిసిపోతున్నాయి. “అన్నిటికీ వంకలు పెట్టకు వదినా. అన్నం పెట్టు.”

వదిన అన్నం పెట్టింది. తను మాత్రం కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి కూర్చుంది. సూదిలాంటి గీత, భుజం లేని గీత, తను రోజూ చూస్తున్నదే. అది అణువుది కాదు. యంత్రానిది.

గొట్టంలో జంట ఉందో లేదో తెలియాలంటే జంట పలికే అంకెలోనే ఒక తరంగాన్ని గొట్టంలోంచి పంపాలి. జంట ఉంటే అందులో కాస్త మింగేస్తుంది. ఆ తరంగాన్ని పుట్టించే పెట్టె వదిన బల్ల మీద ఉంటుంది. మామూలుగా దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండేది. మొన్నటి నుంచి మాత్రం, గొట్టంలో జంట ఎంతసేపు బతికుంటుందో చూద్దామని, పెట్టెని సరిగ్గా ఆ అంకె మీదే కట్టేసి వదిలేసింది. మొన్న ఇక్కడ కట్టేస్తే నిన్న అక్కడ మొలిచింది. పక్కకి ఉండడమూ అందుకేనేమో: మబ్బు కదులుతుంది కాబట్టి దాని గీత కాస్త జరుగుతుంది, బల్ల మీది పెట్టె కదలదు.

‘కాదులే, నేలమాళిగ ఎక్కడ, డాబా ఎక్కడ’ అనుకుంది. అనుకున్నంత మాత్రాన నిద్ర పట్టలేదు.

మర్నాడు ఉదయం జువ్వ పైకెక్కి పని మొదలుపెట్టేదాకా ఆగింది. ఆ మబ్బు పగలే పైకొచ్చే రోజులవి, రేడియోకి ఎండ అడ్డం రాదు. తర్వాత పెట్టె మీట మీద వేలు పెట్టింది. ఆపింది.

కాసేపటికి గోడ మీద ఫోను మోగింది.

“వదినా! గీత పోయింది!”

వదిన మీట మళ్ళీ వేసింది.

“ఆగాగు, వచ్చింది! వచ్చేసింది! అమ్మయ్య, నా ప్రాణం పోయిందనుకో. రిసీవరు ఏదో వేషాలు వేస్తోంది.”

మీట ఆపింది.

“మళ్ళీ పోయింది వదినా! ఏంటిది, దొంగాటలాడుతోంది?”

ఫోను చెవి దగ్గర పెట్టుకుని వదిన అలాగే నిలబడింది. నోరు మూసుకుంటే చాలు. మీట వేసి శుక్రవారందాకా దాని మానాన దాన్ని వదిలేస్తే జువ్వకి కొండ దొరుకుతుంది. వదినకి ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. ఆ వెంటనే ఇంకోటి కూడా కనిపించింది. కొండ మీద, అందరి ముందు, పెద్ద గొడుగు కింద జువ్వ కూర్చుని ఉంటుంది. తెర మీద గడ్డి. అక్కడ వదినా ఉండదు, ఆమె పెట్టే ఉండదు.

“ఒకసారి కిందికి రావే” అంది.

“ఇప్పుడా? గీత...”

“గీత గురించే. రా.”

పై గది తెర, కింద వదిన కంప్యూటరులోనూ కనిపించేట్టు ఎప్పుడో కలిపి పెట్టుకున్నారు. ఒకరు అన్నం తినడానికి వెళ్తే ఇంకొకరు కనిపెట్టి ఉండడానికి. జువ్వ ఆయాసపడుతూ వచ్చేసరికి వదిన ఆ తెరని ఆమె వైపు తిప్పి, పెట్టె మీట చూపించింది.

“నీ చేత్తోనే ఆపు.”

“ఎందుకూ?”

“ఆపి చూడు.”

జువ్వ ఆపింది. తెర మీద గీత గడ్డిలోకి జారిపోయింది. వేసింది. లేచింది. ఇంకోసారి ఆపింది. వదిన తెరని చూడలేదు, జువ్వ మొహాన్నే చూస్తూ ఉంది. నిన్న కంచాల మధ్య వెలిగిన మొహం అది.

“అది నేనేనే. నువ్వు పైన విన్నది నా పెట్టెనే.”

జువ్వ లేస్తుంది, అరుస్తుంది, తలుపు దబాలున వేసుకుంటుంది అనుకుంది వదిన. అందుకు సిద్ధపడే ఉంది. జువ్వ అవేవీ చెయ్యలేదు. మీట మీంచి చెయ్యి తీసి, కుర్చీ సర్ది పెట్టి, మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ పిల్ల కుర్చీ సర్దిపెట్టడం వదిన పెళ్ళయి వచ్చాక ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం జువ్వ గది తలుపు వేసుకుంది. అత్తగారు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించారు.

“ఏమైందమ్మా? దానికి ఏదో మొలిచిందన్నారుగా?”

“మొలిచింది నేనే అత్తయ్యా.”

“నువ్వా? ఆకాశంలోనా?” అత్తగారు కోడల్ని పైనుంచి కిందికి చూశారు. “రోజూ వెల్లుల్లి వాసన వేసుకుని ఇంటికొస్తావు, నీకు ఆకాశమొక్కటే తక్కువైంది.” భాస్వరంతో పనిచేసేవాళ్ళ బట్టలకి ఆ వాసన అంటుకుంటుంది, ఎంత ఉతికినా పోదు. వదినకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడుపే ముందొచ్చింది. “దాని నోటికాడ కూడు నేనే లాగేశాను అత్తయ్యా” అంది.

“లాగావో, రాయి తీసి పారేశావో దానికే తెలుస్తుందిలే. దాని కోపం పాలపొంగు” అన్నారు అత్తగారు, కోడలి చేతిలోంచి గరిటె తీసుకుంటూ.

అందరూ భోంచేసి లేచే వేళకి తలుపు తెరుచుకుంది. జువ్వ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వచ్చి వదినకి ఎదురుగా కూర్చుంది.

“ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.”

“దొంగే వచ్చి పట్టుబడిందిగా” అంది వదిన.

“అందుకే ఊరుకున్నా. లేకపోతేనా...” జువ్వ కంచం ముందుకు లాక్కుంది. రెండు ముద్దలు తిన్నాక ఆగింది. “అది సరే గానీ, ఎటునుంచి ఎక్కింది వదినా పైకి? ఇన్ని అంతస్తులు, ఇంత కాంక్రీటు. సందెక్కడుంది దానికి?”

కోపాన్ని కుతూహలం తినేసిందని వదినకి అర్థమైంది. ఆ పిల్లలో ఆమెకి అన్నిటికన్నా నచ్చేది ఇదే.

మర్నాడు ఇద్దరూ కలిసి భవనమంతా గాలించారు. సందు ఎక్కడో లేదు, వదిన నెత్తి మీదే ఉంది. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. భాస్వరం ఆవిర్లు గదిలో నిలవకూడదని గాజుగొట్టాన్ని ఒక గాజు అల్మరాలో పెట్టి, దాని పైనుంచి డాబాదాకా రేకు పొగగొట్టం వేశారు. ఆవిరి పోవడానికి వేసిన దారిలో తరంగం కూడా రేకు గోడలకి తగులుతూ హాయిగా పైకెక్కేసింది. డాబా మీద ఆ పొగగొట్టం నోరు సరిగ్గా టెలిస్కోపు గొడుగు పక్కనే ఉంది.

“మూసేద్దాం” అంది జువ్వ.

“మూస్తే ఆవిరి నా ముక్కులోకే. చస్తాను.”

“తరంగం ఆగాలి, గాలి ఆడాలి. అంతేనా?”

“అంతే” అంటూ వదిన పొగగొట్టం వంక చూస్తూ ఉండిపోయింది. జంట తరంగం పొడవు నువ్వుగింజంత. నువ్వుగింజ జారని కన్నాల్లోంచి అదీ జారదు, గాలి మాత్రం పోతుంది. అలాంటి కన్నాలున్న ఇనప వల ఈ భవనంలో ఎవరి దగ్గరా లేదు గానీ తన వంటింట్లో మేకుకి వేలాడుతోంది.

అత్తగారి పిండి జల్లెడ ఆ మధ్యాహ్నమే మాయమైంది. వదిన దాని చుట్టుచెక్క ఊడదీసి, వలని పొగగొట్టం అడుగున గట్టిగా బిగించింది. పెట్టె వేసింది. పైనుంచి జువ్వ ఫోన్ చేసింది. “ఏమీ లేదు వదినా. గడ్డి.” ఏ పరిశోధనలోనైనా ఏమీ లేదన్న మాట ఇంత సంబరంగా ఎవరూ చెప్పి ఉండరు. ఇంటి దగ్గర మాత్రం జల్లెడ కోసం అత్తగారు అల్మరాలన్నీ తిరగేసి, చివరికి సంగతి విని, “పిండి జల్లించుకునేదానికి కూడా చదువుకున్న కోడలు అడ్డమేనా” అని రెండు రోజులు సణిగారు.

జువ్వ ఆ రోజే పెద్దాయన గదికి వెళ్ళి గీత సంగతి దాచకుండా చెప్పింది. వదిన తలుపు బయట నిలబడింది, తిట్లు పడితే సగం పంచుకుందామని.

“ఆ గీత తీసేస్తే నీ దగ్గర ఏముందమ్మా?” అన్నాడు పెద్దాయన.

“గడ్డి సార్.”

“శుక్రవారం గడ్డే పట్టుకురా. కాకపోతే శుభ్రంగా ఉండాలి.”

బయటికొచ్చి జువ్వ వదిన భుజం మీద తల పెట్టింది. “గెలవనులే వదినా. అయినా నీ గీతతో గెలిచుంటే కొండ మీద పరువు పోయేది” అంది. వదిన ఆమె జుట్టు సవరించింది. దిగులు ఉంది, లేకేం. కానీ ముల్లు తీశాక ఉండే నొప్పి అది, గుచ్చుకున్నప్పటి నొప్పి కాదు.

ఆ తర్వాత జువ్వ డాబా దిగితే ఒట్టు. ఉదయం మబ్బు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా వింటూ ఉండేది. ఒక రోజు గడ్డి మీద ఇంకో రోజు గడ్డి వేసి కలుపుకుంటూ పోతే గడ్డి అణుగుతుంది. కింద ఏదైనా నిజంగా ఉంటే అది మాత్రం అణగదు. పాత రెండేళ్ళ గడ్డి కూడా, వదిన పెట్టె నడిచిన రోజులన్నీ ఏరి పారేసి, మిగిలినది అందులో కలిపింది. వదిన భోజనం పైకి పట్టుకెళ్ళేది, జువ్వ తెర మీంచి కళ్ళు తిప్పకుండా తినేది. ఏం తింటోందో కూడా చూసేది కాదు.

గురువారం వదినకి గొట్టం బాగా కుదిరింది. నీలంగా వెలిగే ఆ గొట్టంలో జంట ఎన్నడూ లేనంత సేపు నిలిచి ఉంది. ఇవాళ్టి కొలత ఒక్కటి అందితే ఆమె పని కూడా ఒడ్డెక్కుతుంది. సరిగ్గా అప్పుడే గోడ మీద ఫోను మోగింది.

“వదినా.” జువ్వ గొంతు చిన్నగా ఉంది. “నీ పెట్టె నడుస్తోందా?”

“నడుస్తోంది. ఏం?”

“ఆపవా?”

వదిన గొట్టం వంక ఒక్కసారి చూసింది. ఆపింది. “ఆపాను.”

అటు జువ్వ కొత్త గడ్డి కలిపి చూసుకుంటోంది. చాలాసేపటికి, “నిజంగా ఆపావా?”

“ఆపానే.”

“గొట్టం కూడా ఆపేయ్.”

గొట్టంలో వెలుగు ఆరిపోయింది. ఆ రోజు కొలత దానితోపాటే పోయింది. వదినకి అది గుర్తు కూడా లేదు. “ఆపాను. ఏంటే, ఏం కనిపిస్తోంది?”

“పంపు?”

గొట్టంలో గాలి లాగేసే పంపు ఆపింది. కంప్యూటరు ఆపింది. గోడ దగ్గరికి వెళ్ళి గదిలో కరెంటు మొత్తం తీసేసింది. లైట్లు పోయాయి. నేలమాళిగ కదా, పట్టపగలే చీకటి. గోడని తడుముకుంటూ ఫోను దగ్గరికి వచ్చింది.

“మెయిన్ తీసేశానే. చీకట్లో ఉన్నాను. ఈ గదిలో ఇప్పుడు నడుస్తున్నది నా గుండె ఒక్కటే. చెప్పు.”

“ఇంకా ఉంది వదినా.”

“సూదిలా ఉందా?”

“కాదు. పొట్టిగా, వెడల్పుగా, చిన్న మిట్టలా ఉంది.” జువ్వ తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగినట్టుంది. “ఉండాల్సిన చోటే ఉంది. పక్కన... పక్కన భుజం ఉంది వదినా.”

వదిన చీకట్లో గోడకి ఆనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

“అయితే అది నేను కాదు” అంది.

“నువ్వు కాదు” అంటూ జువ్వ భోరుమంది. “నువ్వు కాదు వదినా! పైకి రా!”